సవతి తల్లికీ ఒక చాప్టర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సిండ్రెల్లా, స్నో వైట్ లాంటి పాత కథల్ని తీసుకుని టీనేజ్ పిల్లల కోసం కొత్తగా రాస్తున్న ఫాంటసీ నవలల మీద ఏమైనా అడగాలనుంటే రాయమని పోయిన నెల ఈ పేజీలో అన్నాం. వైజాగ్ నుంచి బాగానే వచ్చాయి ఉత్తరాలు. చోటు ఉన్నంత వరకు జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎప్పుడు చూసినా చేతిలో ఇంగ్లీష్ ఫాంటసీ నవల. ఏం చదువుతోందా అని తీసి చూస్తే సిండ్రెల్లా కథే, ఇంకోటి తీస్తే బ్యూటీ అండ్ ద బీస్ట్. చిన్నప్పుడే విన్న కథని మళ్ళీ నాలుగొందల పేజీలు చదవడం టైం వేస్ట్ కదా మేడమ్? కొత్త కథలు చదవమంటే వినదు.
ఒక తల్లి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: వేస్ట్ కాదండీ. మన పక్కనే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్తుంటే జనం విరగబడి వచ్చేవాళ్ళు, అక్కడ కూర్చున్న వాళ్ళలో ఒక్కరికైనా ఆ కథ తెలియదంటారా? కథ అందరికీ తెలుసు, ఈయన ఎలా చెప్తాడు, ఎక్కడ ఆపుతాడు, ఎవరి తరఫున మాట్లాడతాడు అని చూడ్డానికే వచ్చేవాళ్ళు. మీ అమ్మాయి చేస్తున్నదీ అదే.

మరిస్సా మేయర్ రాసిన 'సిండర్' అని ఒక నవల ఉంది, 2012లో వచ్చింది. మొదటి సీన్‌లోనే ఆ పిల్ల న్యూ బీజింగ్ అనే ఊళ్ళో, మార్కెట్లో తన రిపేర్ స్టాల్లో కూర్చుని తన చీలమండలో తుప్పు పట్టిపోయిన స్క్రూ విప్పుకుంటూ ఉంటుంది. ఆమె మెకానిక్, పైగా సగం మనిషి సగం మెషీన్, చిన్నప్పుడు బిగించిన లోహపు పాదం అలాగే ఉండిపోయింది, ఒళ్ళు పెరిగింది గానీ పాదం పెరగలేదు, ఇన్నేళ్ళూ ఆ ఇరుకు పాదంతోనే నడిచింది, ఇప్పుడు దాన్ని పీకేసి సరైన సైజుది పెట్టుకోవాలని చూస్తోంది. పాత కథలో చెప్పు సైజు చూసి అమ్మాయిని కనిపెట్టారు కదా, ఇక్కడ చెప్పు సంగతి తర్వాత, అసలు కాలే సరిపోవట్లేదు! ఆ చిన్న పాదం తర్వాత కథలో ఏమవుతుందో నేను చెప్పను, చదివితేనే బాగుంటుంది.

ఇంకో రైటర్ గెయిల్ కార్సన్ లెవీన్. ఆవిడ 1997లో రాసిన 'ఎల్లా ఎన్‌చాంటెడ్' మనందరికీ చిన్నప్పుడే వచ్చి ఉండాల్సిన డౌట్ మీద నిలబడిన కథ. అంట్లు తోమమంటే తోముతుంది, బూడిదలో పడుకోమంటే పడుకుంటుంది, ఈ సిండ్రెల్లా ఎందుకు ఒక్కసారి కూడా 'నేను చెయ్యను' అనదు? ఈ నవల్లో జవాబు ఏమిటంటే, ఎల్లా పుట్టినప్పుడు ఒక ఫెయిరీ వచ్చి 'ఎవరేం చెప్పినా వినే పిల్ల అవుతావు' అని వరం ఇచ్చిపోయింది. అది వరం కాదు శాపం. ఆజ్ఞ రూపంలో ఎవరు ఏమన్నా సరే ఒళ్ళు దానంతటదే చేసేస్తుంది, ఆ పిల్ల మనసేమో లోపల అరుస్తూ ఉంటుంది. మాట వినే పిల్ల మంచి పిల్ల అని మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి పొద్దస్తమానం చెప్తాం కదా, అది ఎంత దూరం పోగలదో ఈ పుస్తకం చదివితే గుండెకి తగుల్తుంది. తొమ్మిదో తరగతి పిల్లకి ఇంతకంటే పనికొచ్చే కథ ఏముంటుంది చెప్పండి. ఈసారి తిట్టకుండా ఒక ప్రశ్న అడిగి చూడండి, 'పాత కథలో లేనిది ఇందులో ఏం పెట్టారు?' అని. గంట సేపు మాట్లాడుతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను మా ఆయనకి రెండో భార్యని. పాపకి పన్నెండేళ్ళు, నన్ను పిన్నీ అనే పిలుస్తుంది, నేనూ ఎప్పుడూ అమ్మా అనమని అడగలేదు. పాప ఈ ఫెయిరీ టేల్ పుస్తకాలు బాగా చదువుతుంది, నేను గదిలోకి వెళ్తే టక్కున మూసేస్తుంది. ఒకరోజు తను స్కూల్‌కి వెళ్ళాక తీసి చూశాను, సవతి తల్లి విషం పెట్టిన యాపిల్ పట్టుకుని వస్తున్న పేజీ. ఏ కథ చూసినా సవతి తల్లే రాక్షసి. వీటిని మాన్పించెయ్యమని మా అత్తగారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
పేరు వద్దు, సీతమ్మధార

జవాబు: అమ్మా, మాన్పించకండి. అత్తగారికి కూడా నా మాటగా చెప్పండి.

ముందు మీకు ఒక సంగతి తెలియాలి. స్నో వైట్ కథని జర్మనీలో గ్రిమ్ అన్నదమ్ములు 1812లో మొదటిసారి అచ్చు వేసినప్పుడు అందులో సవతి తల్లే లేదు. ఆ పిల్లని చంపించాలని చూసిన రాణి ఆ పిల్ల కన్నతల్లే. 1819లో రెండో ఎడిషన్ వేసినప్పుడు కన్నతల్లి పురిట్లోనే చనిపోయినట్టు మార్చి, ఆ పాపమంతా కొత్తగా వచ్చిన రెండో రాణి మీద పెట్టారు. హాన్సెల్ గ్రెటెల్ కథ కూడా అంతే, పిల్లల్ని అడవిలో వదిలేద్దాం అన్నది మొదట కన్నతల్లి, 1840 ఎడిషన్‌కి వచ్చేసరికి సవతి తల్లి అయింది. అవి ఇళ్ళల్లో పిల్లలకి చదివి వినిపించే పుస్తకాలుగా మారాయి, కన్నతల్లి అలా చేసిందంటే చదివే తల్లులకీ వినే పిల్లలకీ మింగుడు పడదు, అందుకే మార్చారని ఈ కథల మీద పని చేసిన వాళ్ళు చెప్తారు. ఆ రోజుల్లో పురుళ్ళలో చనిపోయే ఆడవాళ్ళు ఎక్కువ, ఇంట్లోకి రెండో తల్లి రావడం మామూలు, పిల్లల భయాలన్నీ మోపడానికి ఆవిడ దొరికింది. అంటే మీరు చూసిన ఆ యాపిల్ పేజీ సృష్టి మొదలైనప్పటి నుంచీ ఉన్న నిజమేమీ కాదు, రెండొందల ఏళ్ళ కిందట కలం పట్టుకున్న ఇద్దరు మనుషులు దిద్దిన దిద్దుబాటు. ఒకళ్ళు దిద్దింది ఇంకొకళ్ళు మళ్ళీ దిద్దొచ్చు.

దిద్దారు కూడా. మెలిస్సా బషార్‌డౌస్ట్ అనే రచయిత్రి 2017లో 'గర్ల్స్ మేడ్ ఆఫ్ స్నో అండ్ గ్లాస్' అని ఒక నవల రాశారు. స్నో వైట్ కథే, కాకపోతే ఒక చాప్టర్ పిల్లది అయితే ఒక చాప్టర్ సవతి తల్లిది. ఆ సవతి తల్లి పేరు మీనా. చిన్నప్పుడు ఆమె గుండె ఆగిపోతే, మంత్రవిద్య తెలిసిన తండ్రి గాజుతో గుండె చేసి పెట్టాడు, నీకు ఎవర్నీ ప్రేమించడం చేతకాదు, నిన్నెవరూ ప్రేమించరు అని నూరిపోస్తూ పెంచాడు. ఆమె అదే నమ్మి పెద్దదై రాణిగా వస్తుంది, వచ్చిన ఇంట్లో చనిపోయిన రాణి జ్ఞాపకం గోడగోడకీ ఉంటుంది, మధ్యలో ఈ చిన్న పిల్ల లైనెట్. ఆ పిల్లకి కూడా ఒక బరువుంది, అచ్చం వాళ్ళ అమ్మలా ఉండాలని తండ్రి ఆశ. ఇద్దర్నీ పోట్లాటలోకి తోసేది వాళ్ళ మధ్య ఉన్న ద్వేషం కాదు, చుట్టూ ఉన్న వాళ్ళ కోరికలు. చదువుతుంటే మీకు చాలా చోట్ల మీ ఇల్లు కనిపిస్తుందని నా నమ్మకం.

ఈ పుస్తకం పదమూడు దాటిన పిల్లలకైతే సరిగ్గా ఉంటుంది, ఇద్దరమ్మాయిల మధ్య ప్రేమ కూడా ఉంది కథలో, కాబట్టి ముందు మీరు చదవండి. ఇంగ్లీష్ కష్టమనిపిస్తే మెల్లిగా రోజుకి పది పేజీలు. హాల్లో కూర్చుని పాపకి కనపడేలాగే చదవండి. 'నేను అలాంటిదాన్నా' అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, అది ఆ వయసు పిల్ల మోయలేని ప్రశ్న. 'మీనా చేసింది రైటేనా?' అని అడగండి, పుస్తకంలో మనిషి గురించి మాట్లాడటం తేలిక, మీ ఇద్దరి గురించి చెప్పుకోవాల్సినవి ఆ మాటల్లోనే వచ్చేస్తాయి.

ఇంకోటి. మీరు రాగానే పుస్తకం మూసేస్తోంది అన్నారు. మీరంటే ఇష్టం లేక అని మీరు అనుకుంటున్నట్టున్నారు, నాకు మాత్రం ఆ పేజీ చూసి మీరు నొచ్చుకుంటారేమో అని మూసేస్తోంది అనిపిస్తోంది. పన్నెండేళ్ళ పిల్లలకి ఆ మాత్రం తెలుసమ్మా.

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతున్నాను. మా ఫ్రెండ్స్‌లో పెద్ద గొడవ. ఒకడు సిండ్రెల్లా ఒరిజినల్ ఫ్రెంచ్ అంటాడు, ఇంకొకడు జర్మన్ అంటాడు, నేనేమో చైనాది అని ఎక్కడో చదివా. ఒరిజినల్ ఏదో తెలిస్తే కదా రీటెల్లింగ్ బాగుందో లేదో చెప్పగలం?
కె., పెద వాల్తేరు

జవాబు: ముగ్గురూ కొంచెం కొంచెం రైటే. గుమ్మడికాయ బండి, గాజు చెప్పు, ఫెయిరీ అమ్మ ఇవన్నీ ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో వేసిన పుస్తకంలోవి, సినిమాల వల్ల ప్రపంచమంతా ఎక్కింది అదే. గ్రిమ్ వాళ్ళ కథలో ఫెయిరీ లేదు, తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు ఉంటుంది, దాని మీద వాలే పిట్ట బట్టలు పడేస్తుంది. చెప్పు సీన్ కూడా చాలా ఘోరంగా ఉంటుంది. పెద్దక్కకి బొటనవేలు పట్టకపోతే తల్లి కత్తి ఇచ్చి కోసెయ్ అంటుంది, రాణివయ్యాక నడవాల్సిన పని ఉండదుగా అంటుంది. రాజకుమారుడు ఆమెని గుర్రం ఎక్కించుకుని ఆ చెట్టు పక్క నుంచి పోతుంటే పైనుంచి పావురాలు చెప్పులో రక్తం చూసుకో అని కూస్తాయి. రెండో ఆమె మడమ కోసుకుంటుంది, మళ్ళీ అదే కూత. వీటన్నిటికంటే చాలా ముందు, తొమ్మిదో శతాబ్దంలో చైనాలో దువాన్ చెంగ్‌షి అనే ఆయన యె షియెన్ అనే అమ్మాయి కథ రాసిపెట్టాడు. ఆ పిల్లకి తోడు ఒక చేప, సవతి తల్లి దాన్ని చంపి వండేస్తే పిల్ల ముళ్ళు దాచుకుని వాటినే కోరికలు అడుగుతుంది, పండగకి వెళ్ళి బంగారు చెప్పు పోగొట్టుకుంటుంది, అది చేతులు మారి ఒక ద్వీపం రాజు దగ్గరికి చేరుతుంది. ఇప్పుడు చెప్పండి, 'సిండర్' కథ న్యూ బీజింగ్‌లో జరగడం ఎంత అందంగా ఉందో.

మన పక్క రాష్ట్రంలో కూడా ఉంది. ఎ.కె. రామానుజన్ గారు హంచి అనే కన్నడ సిండ్రెల్లా మీద ఒక వ్యాసం రాశారు, 1982లో వచ్చిన సిండ్రెల్లా వ్యాసాల సంకలనంలో చేరింది. అందులో చెప్పు లేదు, అమ్మాయి మొహానికి మట్టి ముసుగు. మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఆ సంకలనం ఉందేమో అడగండి.

కాబట్టి ఒరిజినల్‌తో పోల్చి మార్కులు వేసే పని పెట్టుకోకండి. జానపద కథలకి నంబర్లు ఇచ్చే వాళ్ళు కూడా వీటన్నిటినీ 510 అనే ఒకే టైపు కింద పెట్టారు తప్ప ఏదో ఒకదాన్ని అసలుదని అనలేదు. నేను రీటెల్లింగ్ చదివేటప్పుడు చూసేది ఒక్కటే, పాత కథలో నోరు లేని వాళ్ళకి ఇందులో నోరు వచ్చిందా లేదా. పేర్లు మార్చి, రాజకుమారుడికి కత్తి బదులు గన్ ఇచ్చి, అమ్మాయితో నాలుగు ఫైట్లు చేయించి కథని మాత్రం అక్కడే వదిలేసిన పుస్తకాలు బోలెడు, అవి నాకు నచ్చవు.

ప్రశ్న: మా పాపకి పదమూడు. క్లాస్‌లో ఎవరో ఇచ్చారని 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' తెచ్చుకుంది. బ్యూటీ అండ్ ద బీస్ట్ కథే నాన్నా అంటోంది. చదవనివ్వొచ్చా?
ఆర్., గాజువాక

జవాబు: వద్దండి, ఇప్పుడే వద్దు. సారా జె. మాస్ రాసిన ఈ పుస్తకం 2015లో టీనేజ్ షెల్ఫ్‌లోకే వచ్చింది, అందుకే చాలామంది పేరెంట్స్ పొరబడతారు. తర్వాత పబ్లిషర్లే దాన్ని పెద్దవాళ్ళ పుస్తకంగా మార్చి మళ్ళీ వేశారు. శృంగారం సీన్లు ఓపెన్‌గా ఉంటాయి, సిరీస్ ముందుకెళ్ళే కొద్దీ ఇంకా ఎక్కువ. పాపని దొంగలా నిలబెట్టకుండా, ఇది పెద్దయ్యాక చదువుదువు గానీ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చెప్పి చేతిలో ఇంకోటి పెట్టండి. అదే కథ మీద రాబిన్ మెకిన్లీ 1978లో రాసిన 'బ్యూటీ' ఉంది, హాయిగా ఇవ్వొచ్చు. అందులో అమ్మాయి పేరుకే బ్యూటీ, తను అందంగా లేనని అనుకునే పుస్తకాల పురుగు, ఆ రాక్షసుడి కోటలో ఉన్న లైబ్రరీ చూసి పొంగిపోతుంది.

ప్రశ్న: అక్కా, నాకు పంతొమ్మిది, ఇలాంటి నవల తెలుగులో రాయాలని ఉంది. సిండ్రెల్లా కాదు, మన బాలనాగమ్మ. మా తాతయ్య బుర్రకథలో విన్నది చెప్పేవారు. కానీ మన కథకి ఈ స్టైల్ సూటవుతుందా? మా ఊళ్ళో జరిగినట్టు రాస్తే నవ్వుతారా?
ఎస్., భీమిలి

జవాబు: ఎవరూ నవ్వరు, రాయి. ఈ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషం వేసిందో.

సూటవుతుందా అని డౌట్ అక్కర్లేదు, బాలనాగమ్మ కథ ఎప్పుడో ఊళ్ళు దాటేసింది. 1868లో మేరీ ఫ్రేర్ అనే ఆవిడ, తమ ఇంట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరాటా డిసౌజా చెప్పిన కథలు రాసుకుని ఇంగ్లీష్‌లో పుస్తకం వేసింది. అందులో మొదటి కథలో ఏడుగురు రాజకుమార్తెల్లో చిన్నది బాల్నా, ఫకీరు వేషంలో వచ్చిన మాంత్రికుడు ఆమెని కుక్కపిల్లగా మార్చి ఎత్తుకుపోతాడు, వాడి ప్రాణం చిలకలో ఉంటుంది, కొడుకు పెరిగి వచ్చి ఆ చిలకని పట్టుకుంటాడు. చిలక రెక్క విరిస్తే వాడి చెయ్యి ఊడుతుంది. ఇది మన మాయల ఫకీరు కాక ఇంకెవరు? జెమినీ వాళ్ళు 1942లో సినిమా తీసేనాటికి ఆ కథ అలా ఎన్ని నోళ్ళలో నలిగిందో చూడు. ఇప్పుడు నీ వంతు.

ముందు తాతయ్య చెప్పినట్టు మొత్తం కథ ఒక నోట్‌బుక్‌లో రాసుకో, మార్చకుండా. తర్వాత ఎక్కడెక్కడ కథ గబగబా పరిగెత్తిందో గుర్తు పెట్టు. ఫకీరు ఎత్తుకుపోయాడు, వ్రతం అని చెప్పి వాడిని దగ్గరికి రానివ్వలేదు, కొడుకు పెద్దవాడై వచ్చాడు, ఇలా మూడు ముక్కల్లో అయిపోతుంది. ఊయల్లో వదిలొచ్చిన పిల్లాడు కత్తి పట్టేంత వాడయ్యే దాకా ఆమె ఆ చెరలో ఏం తింది, ఎవరితో మాట్లాడింది, ఎన్నిసార్లు పారిపోవాలని చూసింది? నీ నవల అక్కడుంది. ఇంకా సంగు ఉంది చూడు, ఫకీరు దగ్గర ఉండే మనిషి. కొత్తగా తెచ్చిన ఆడదాన్ని చూసి సంగుకి కోపమా, జాలా, లేకపోతే తన రోజులు గుర్తొచ్చాయా? నేనైతే సగం నవల సంగు చేత చెప్పిస్తాను.

ఇక మీ ఊరంటావా, నీకంటే అదృష్టవంతులు ఎవరున్నారు. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీ నది పైన అనంతగిరి కొండల్లో బొర్రా గుహల్లోంచి వస్తుంది. ఫకీరు గుహ బొర్రాలో పెట్టు, సున్నపురాయి కారి కారి గడ్డ కట్టిన ఆ ఆకారాలన్నీ వాడు రాయి చేసిన మనుషులే అనుకో. కొడుకు భీమిలి నుంచి నది వెంబడే పైకి నడుస్తాడు, తాటిపూడి రిజర్వాయర్ దాటాలి, కొండెక్కాలి. వాళ్ళమ్మ గుహలోంచి నీళ్ళలో ఏదైనా వదిలితే అది ఎప్పటికో ఒకప్పటికి మీ ఊరి ఒడ్డుకి రావాలి కదా! చిలకని ఎర్రమట్టి దిబ్బల్లో దాస్తావో, సముద్రం మీదికి పంపిస్తావో నీ ఇష్టం. అమ్మమ్మలు మాట్లాడే మన ఉత్తరాంధ్ర మాటే రాయి, 'ఏటి', 'ఎలగ' అన్నీ అలాగే ఉండనీ, టీవీ తెలుగులోకి మార్చకు.

పనులు మాత్రం కరెక్ట్‌గా తెలుసుకో. నవోమి నోవిక్ 2018లో 'స్పిన్నింగ్ సిల్వర్' అని రాసింది, గడ్డిని బంగారం చేసే రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథ మీద. అందులో ఒక యూదు వడ్డీ వ్యాపారి, మెత్తటి మనిషి, ఇచ్చిన అప్పు అడగలేడు, ఇంట్లో తిండికి లేదు, అప్పుడు కూతురు పుస్తకం పట్టుకుని గడపగడపకీ వెళ్ళి వసూలు చెయ్యడం మొదలుపెడుతుంది. వెండిని బంగారం చెయ్యడం అక్కడ మొదట మంత్రం కాదు, లెక్క. ఆ లెక్కలు అంత నిజంగా ఉన్నాయి కాబట్టే తర్వాత మంచు రాజు వచ్చి తలుపు కొడితే మనం నమ్ముతాం. నీ కథలో వల ఉంటే వల అల్లే వాళ్ళ దగ్గర కూర్చో, పడవ ఉంటే పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి చూడు.

ఒక జాగ్రత్త. తాతయ్య చెప్పిన జానపద కథ అందరిదీ, ఎవర్నీ అడగక్కర్లేదు. సినిమాలో వాళ్ళు కల్పించిన డైలాగులు, పాటలు మాత్రం తీసుకోకు. మొదటి చాప్టర్ అయ్యాక నాకు పంపు, తప్పకుండా చదువుతాను.

ప్రశ్న: ఇంటర్ సెకండియర్. ఇలాంటివి ఒక్కటీ చదవలేదు. ఎగ్జామ్స్ దగ్గర్లో ఉన్నాయి, ఒక్క పుస్తకం చెప్పండి చాలు.
పి., మధురవాడ

జవాబు: ఇప్పుడైతే పైన చెప్పిన 'ఎల్లా ఎన్‌చాంటెడ్', చిన్న పుస్తకం, ఆదివారం ఒక పూటలో అయిపోతుంది. ఎగ్జామ్స్ అయ్యాక షానన్ హేల్ 2003లో రాసిన 'ద గూస్ గర్ల్' పట్టుకో. పనిమనిషి మోసం చేసి రాజకుమారి స్థానం లాక్కుంటే, అసలు రాజకుమారి పరాయి దేశంలో బాతులు కాసుకుంటూ బతికే కథ, నలుగురిలో నోరు పెగలని పిల్ల మెల్లిగా మాట్లాడటం నేర్చుకుంటుంది. కొనే ముందు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో ఒకసారి అడుగు, లేకపోతే నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక కాపీ కొనుక్కోండి.